అంచు పక్కన రెండు మిల్లీమీటర్లు: పాత క్షవరపు కత్తిని చేత్తో బాగు చేయడం
(తిరుపతిలో కొత్తగా నేర్చుకునేవారికి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తిరుపతిలో కూర్చుని క్షవరపు కత్తి అంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు తీసేది ఇప్పుడు హోల్డరులో పెట్టిన సగం బ్లేడుతో. ఒకరికి వాడింది ఇంకొకరికి తగలకూడదు కాబట్టి అదే సరైన పద్ధతి. మనం ఈరోజు మాట్లాడుకునేది దానికి ముందు తరం కత్తి గురించి. పిడిలోకి మడిచే కత్తి, తోలు పట్టా మీద తిప్పి తిప్పి వాడిన కత్తి. అటకల మీద, పాత ఇనుప సామాన్ల అంగళ్లలో తుప్పు పట్టి పడి ఉన్నవి ఇంకా దొరుకుతున్నాయి. వాటిని మోటారు లేకుండా, చేత్తోనే, ఇంట్లో కూర్చుని ఎలా బాగు చేయాలో చెబుతాం.

ముందే ఒక మాట. ఈ పనిలో తీసేసిన ఉక్కు మళ్లీ రాదు. మెరుపు ఇవాళ రాకపోతే రేపు తెచ్చుకోవచ్చు. అంచు దగ్గర అరిగిపోయిన ఉక్కును ఎవరూ తిరిగి పెట్టలేరు. కాబట్టి ఎంత మెరిపించాం అన్నది లెక్క కాదు, ఎంత మిగిల్చాం అన్నదే లెక్క.

కత్తి చేతికి రాగానే అందరూ మధ్యలో ఉన్న తుప్పు చూసి బెంబేలెత్తుతారు. మధ్యలో ఎంత తుప్పు ఉన్నా ఫరవాలేదు, అది అందానికి సంబంధించిన విషయం. చూడాల్సింది అంచు, అంచుకు ఆనుకుని ఉన్న రెండు మిల్లీమీటర్లు. అక్కడ నల్లటి చుక్కలు ఉన్నాయా? నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం తీసుకోండి. ఎర్ర తుప్పు పొడిలా పైపైన ఉంటుంది, గోరు పెట్టి గీకితే రాలుతుంది. నల్ల చుక్క అలా కాదు. చూడటానికి ఆవగింజలో సగం ఉంటుంది గానీ లోపలికి బావిలా దిగి ఉంటుంది. సాన పట్టేకొద్దీ అంచు వెనక్కి జరుగుతుంది కదా, ఆ బావి దగ్గరికి రాగానే అంచు పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటి కత్తి చర్మం మీద పెట్టేది కాదు. మొదటిసారి చేతులు అలవాటు చేసుకోవడానికి మాత్రం అంతకంటే మంచిది దొరకదు. పాడైపోతే పోయిందేమీ లేదు.

రెండోది పగులు. అంచును దీపానికి ఎదురుగా పట్టి మెల్లగా తిప్పండి. గోరును అంచుకు అడ్డంగా, ఏ మాత్రం నొక్కకుండా, వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు) నుంచి బయటికి జార్చండి. ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ పెచ్చో పగులో ఉంది. పెచ్చు చిన్నదైతే సానలో పోతుంది. పగులు పోదు, పెరుగుతుంది. పగిలిన కత్తి కొనకండి.

మూడోది వెన్ను. ఈ కత్తిని సానరాయి మీద ఎప్పుడూ వెన్నూ అంచూ రెండూ తాకేలా పడుకోబెట్టి రుద్దుతారు. అంటే పదును కోణాన్ని మన చెయ్యి నిర్ణయించదు, వెన్ను మందమే నిర్ణయిస్తుంది. వెన్ను 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి అంచుకు పదిహేడున్నర ఉంటే కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. తయారు చేసినవాడే లెక్క కట్టి పెట్టాడు. ఎవరో గట్టిగా నొక్కి నొక్కి సాన పట్టి వెన్నును ఒకవైపు చదును చేసేసి ఉంటే ఆ లెక్క తప్పుతుంది, అంచు ఒక చోట వెడల్పుగా, ఇంకో చోట సన్నగా పదునెక్కుతుంది. వెన్ను మీద మెరిసే పట్టీ మడమ నుంచి ముక్కు వరకు ఒకే వెడల్పు ఉందా అని చూసుకోండి. మడమ అంటే పిడి వైపు అంచు మొదలయ్యే చోటు. ముక్కు అంటే కొస.

ఇక కత్తి మెడ మీద, అంటే మడమకూ పిడికి బిగించిన మేకుకూ మధ్య భాగం మీద, ముద్ర ఉంటుంది. జర్మనీలోని సోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డ్, ఈ రెండు ఊళ్ల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. మూసలో కరిగించి శుద్ధమైన ఉక్కు తీసే పద్ధతి 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ చేతుల్లో రూపుదిద్దుకుంది షెఫీల్డ్‌లోనే. సోలింగెన్ అన్న పేరు బయటి ఊళ్ల సరుకు మీద కొట్టకూడదని జర్మనీ 1938లో చట్టం చేసింది. దేశం పేరు కూడా ఉంటే ఇంకో ఆధారం. అమెరికా 1890 సుంకాల చట్టంతో 1891 నుంచి దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు తప్పనిసరి చేసింది, దాంతో ఆ ముద్ర వేయడం బాగా పెరిగింది. ముద్ర ఉన్న చోట ఉప్పుకాగితం పెట్టకండి. చరిత్ర అంతా ఆ నాలుగు అక్షరాల్లోనే ఉంది.

తర్వాత శుభ్రం. ఇది వదిలేసి నేరుగా రుద్దుడు మొదలుపెట్టేవాళ్లు చానా మంది. ఈ కత్తి ఎన్ని గడ్డాలు గీసిందో మనకు తెలియదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. యాభై ఏళ్లుగా అటక మీద ఉన్నదానికి ఆ భయం లేదు, కానీ అంగడివాడు దాన్ని నిన్న ఎవరి చేతికిచ్చాడో చెప్పలేం. చేతికి తొడుగులు వేసుకుని, సబ్బునీళ్లతో, పాత పళ్ల బ్రష్షుతో పిడి లోపలి గాడి కూడా తోమండి. వెంటనే తుడిచి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిని అలుగు (కత్తిలోని ఉక్కు భాగం) చుట్టూ పది నిమిషాలు ఉంచండి. ఆల్కహాల్ పిడికి తగలనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్కు మసకబారుతుంది. మరిగే నీళ్లలో వేయకండి, కొమ్ము పిడి వంకర పోతుంది, మేకు చుట్టూ నీళ్లు నిలుస్తాయి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నేళ్లయిందో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

బాగు చేసిన కత్తి మీ ఒక్కరి గడ్డానికే. ఇంట్లో అన్నదమ్ములైనా సరే, పంచుకోవద్దు.

(సభలో ఒకరు: చింతపండుతో తోమితే తుప్పు పోతుంది కదా?)

మంచి ప్రశ్న. ఇత్తడి చెంబుకు చింతపండు బ్రహ్మాండంగా పని చేస్తుంది. ఈ కత్తి ఇత్తడి కాదు, కర్బనం ఎక్కువున్న ఉక్కు. పులుపు తుప్పును తినేసి ఆగదు, పక్కనున్న మంచి ఉక్కును కూడా తింటుంది. బయటికి తీసేసరికి బూడిద రంగులో మసకబారి ఉంటుంది, చుక్కలు ఇంకా లోతవుతాయి. అంచు అన్నిటికంటే పలచన కాబట్టి ముందు పోయేది అదే. నిమ్మకాయ, వెనిగర్, కూల్ డ్రింకు, స్నానాల గది కడిగే యాసిడ్, అన్నిటికీ ఇదే జవాబు. తుప్పు వదులు కావాలంటే కిరసనాయిలు గానీ డబ్ల్యూడీ-40 అనే స్ప్రే గానీ పూసి మూడు నాలుగు గంటలు ఉంచండి, చాలు.

అలాగే వీధిలో సాన చక్రం తిప్పేవాళ్ల దగ్గరికి ఈ కత్తి తీసుకెళ్లొద్దు. వాళ్లు కత్తిపీటలకు, కొడవళ్లకు చేసే పని సరైనదే. ఈ అలుగు లోపలికి తొలిచినట్టు ఉంటుంది, అంచు దగ్గర కాగితంలా పలచన. చక్రం తాకిన రెండు క్షణాల్లో వేడెక్కిపోతుంది. ఇలాంటి ఉక్కును గట్టిపరిచాక సుమారు 200 డిగ్రీల దగ్గర మళ్లీ కాచి పెళుసుదనం తగ్గించి ఉంటారు. 300 డిగ్రీలు తాకితే అంచు నీలంగా మారుతుంది, గట్టిదనం పోతుంది. అలాంటి అంచు ఎంత సాన పట్టినా రెండు గడ్డాలకు నిలవదు. మోటారుకు బిగించే చిన్న పాలిషు చక్రాలతోనూ ఇదే ప్రమాదం, పైగా అవి కత్తిని చేతిలోంచి లాగి విసిరేస్తాయి. చేత్తో చేస్తే ఆలస్యం అవుతుంది, అంతే. చెయ్యి 300 డిగ్రీలు పుట్టించలేదు.

ఇప్పుడు అసలు పని. కత్తి పిడిని విప్పాలా వద్దా? కొత్తవాళ్లు మొదటి రెండు మూడు కత్తులు విప్పకండి. మెడ దగ్గర, పిడి మొత్తానికి పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు చుట్టండి. అంచును ముందు చంపండి. ఆ మాట వింటే ప్రాణం గిలగిల్లాడుతుంది గానీ, అంచును గాజు సీసా మీద నిలువుగా పెట్టి ఒకే ఒక్కసారి, బరువు వేయకుండా, ఈడ్చాలి. రుద్దేటప్పుడు వేలు తెగదు. పదును ఎలాగూ తర్వాత కొత్తగా పెడతాం.

నున్నటి చెక్క పలక మీద రెండు వైపులా అంటుకునే టేపు వేసి అలుగును పడుకోబెట్టండి. అంచు కింద చెక్క ఆనుడు ఉండాలి. గాల్లో వేలాడితే రుద్దినప్పుడల్లా వంగుతుంది, వంగి వంగి ఏదో ఒకసారి విరుగుతుంది. కాగితం అంటే కార్లకు పెయింటు వేసేవాళ్లు తడిపి వాడే వాటర్ పేపర్. 220, 400, 600, 1000, 1500, 2000 నంబర్లు తెచ్చుకోండి, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. తుప్పు పైపైనే ఉంటే 220 ముట్టుకోకండి, 400తో మొదలుపెట్టండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు కత్తిరించి, సీసా బిరడాకు చుట్టండి. బిరడా మెత్తగా ఉండి అలుగు లోపలి వంపులో కూర్చుంటుంది. వేలితో నొక్కితే వేలి ఎముక ఉన్న చోట గుంట పడుతుంది. సబ్బునీళ్ల చుక్క వేస్తూ ఉండండి.

చెయ్యి వెన్ను నుంచి అంచు వైపే పోవాలి, లేదా అలుగు పొడవునా పోవాలి. అంచు నుంచి వెన్ను వైపు ఎప్పుడూ రాకూడదు, కాగితం తెగి వేలి మీదికి వస్తుంది. నంబరు మారినప్పుడల్లా దిశ మార్చండి. 400తో పొడవునా రుద్దారా, 600తో అడ్డంగా రుద్దండి. ముందు కాగితం గీతలు ఒక్కటి కూడా కనపడకుండా పోయినప్పుడే ఆ నంబరు పని అయినట్టు. తొందరపడి 1000కి పోతే, అక్కడ మెరుపు మధ్యలో 220 గీతలు జెర్రి కాళ్లలా కనిపిస్తాయి, మళ్లీ మొదటికే రావాలి. మొత్తం శ్రమలో సగం మొదటి కాగితానికే పోతుంది. అది మామూలే. సినిమా చూస్తూ చేసే పని కాదు గానీ, సాయంత్రాలు నాలుగు పెట్టుకుంటే ఒక కత్తి తెములుతుంది.

నల్ల చుక్కలన్నీ పోయేదాకా రుద్దుదాం అనిపిస్తుంది. ఆపేయాల్సింది సరిగ్గా అక్కడే. చుక్క అర మిల్లీమీటరు లోతు ఉంటే, అది పోవడానికి చుట్టూ ఉన్న ఉక్కంతా అర మిల్లీమీటరు తగ్గాలి. అంచు దగ్గర అంత మందమే లేదు! అంచు పక్కన రెండు మిల్లీమీటర్లలో 600 కంటే గరుకు కాగితం పెట్టొద్దు. మధ్యలో మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. లోపల ఎర్ర పొడి లేకుండా, నూనె పూసి ఉంటే అవి పెరగవు. 2000 అయ్యాక బ్రాసో లాంటి లోహపు పాలిషు, మెత్తటి నూలు గుడ్డ. అలుగు మీద బంగారు పూత బొమ్మలుంటే అక్కడ పాలిషు వద్దు, రెండు తుడుపుల్లో బంగారం గుడ్డకు అంటుకుంటుంది.

అయ్యాక మేకు చుట్టూ తేమ పోవాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు గోరువెచ్చగా పెట్టి ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక చుక్క మేకు దగ్గర వేసి, కత్తిని పదిసార్లు తెరిచి మూయండి.

పిడి గురించి. నల్లటి గేదె కొమ్ము పిడి అయితే నూనె పట్టించి తుడిస్తే ప్రాణం లేచి వస్తుంది. పురుగు తిన్న గుంటలున్నాయేమో చూడండి. దంతంలా తెల్లగా, సన్నటి చారలతో ఉన్నది చాలా వరకు సెల్యులాయిడే, అంటే పాతకాలపు ప్లాస్టిక్కు. నిజంగా ఏనుగు దంతమని అనుమానం వస్తే కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దంతం అమ్మడం, కొనడం నేరం. సెల్యులాయిడ్‌కు ఇంకో గొడవ ఉంది. ముసలిదైపోయాక అది తనంతట తానే కుళ్లుతుంది. ఆ కుళ్లులోంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. కత్తి మూసి పెట్టినప్పుడు సరిగ్గా పిడి తాకే చోటే తుప్పు పట్టి, బయట ఉన్న మెడ మాత్రం శుభ్రంగా ఉంటే కారణం అదే. ఎంత రుద్దినా ఆ పిడిలో ఉన్నన్నాళ్లూ తుప్పు మళ్లీ వస్తుంది. పిడి మార్చాల్సిందే. సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే సరుకు, దాని పొడిని దీపం దగ్గర, పొయ్యి దగ్గర రుద్దకండి.

మార్చాలంటే మేకు తలను చిన్న ఆకురాయితో అరగదీయాలి. వాషరు ఊడిపడగానే, కింద రంధ్రం ఉన్న చెక్క ముక్క పెట్టి, ఒకటిన్నర మిల్లీమీటర్ల పంచ్‌తో మెల్లగా దించండి. సుత్తితో నేరుగా కొడితే కొమ్ము చీలుతుంది. పిడి తోక వైపు, అంటే కత్తి తిరిగే మేకుకు అవతలి కొసన, రెండు పిడి పలకల మధ్య చిన్న ఆప్పు (సందులో బిగించే చీలిక ముక్క) ఉంటుంది. పాతవాటిలో అది సీసం కావచ్చు, దాన్ని రుద్ది పొడి చేయకండి. కొత్త మేకుకు 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ సరిపోతుంది. వాషరు పైన ఒక మిల్లీమీటరు లోపే వదిలి కత్తిరించి, నూరు గ్రాముల గుండ్రటి తల సుత్తితో మేకు నడుమ కాకుండా అంచుల చుట్టూ తట్టాలి. ఒక వైపు పది తట్లు, తిప్పి ఇంకో వైపు పది. కడ్డీ ఎక్కువ వదిలితే లోపల వంగి పిడిని పగలగొడుతుంది. కత్తి తనంతట తాను జారి తెరుచుకోకూడదు, వేలితో తెరిస్తే బిగువుగా రావాలి.

(ఒకరు: పిడికి ఎర్రచందనం వాడొచ్చా? మన కొండల్లోనే ఉంది కదా.)

వద్దండీ. శేషాచలం చెట్టు అది, పర్మిట్టు, బిల్లు లేని ముక్క చేతిలో ఉన్నా కేసే. టేకు, తుమ్మ, జిట్రేగి, ఏదైనా ఆరిన చెక్క, మూడు మిల్లీమీటర్ల మందంలో, కోత మిల్లులో ముక్కలు ఇస్తారు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఆప్పు అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవాలి.

ఇక పదును. మన చిత్తూరు వైపు వాళ్లకు ఇక్కడ ఒక వరం ఉంది, గ్రానైట్. కుప్పం, చిత్తూరు చుట్టుపక్కల పాలిషు పట్టిన పలకల తుంపులు దొరుకుతాయి. ఒక అడుగు పొడవు తుంపు తెచ్చుకుని, దాని మీద స్టీలు స్కేలును నిలువుగా పెట్టి వెనక నుంచి వెలుగు వస్తోందా చూడండి. రాకపోతే చదునుగా ఉన్నట్టే. దాని మీద తడి 400 కాగితం పరిచి, సానరాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి రుద్దండి. గళ్లన్నీ ఒకేసారి మాయమైతే రాయి చదును. మధ్యలో గీతలు మిగిలితే మధ్య గుంట పడిందని అర్థం. గుంట పడిన రాయి మీద అంచు తిన్నగా రాదు, ఎంత నేర్పరి పట్టినా రాదు.

రాళ్లు 1000, 4000, 8000, వీలైతే 12000. వెన్ను మీద ఎలక్ట్రీషియన్ టేపు ఒక పొర వేయండి, వెన్ను అరగదు. కోణం ఒక డిగ్రీ పెరుగుతుంది, నష్టం లేదు. రాయి మారినప్పుడల్లా టేపు మార్చండి, ఎందుకంటే అరిగిన టేపు కోణం మార్చేస్తుంది. కత్తి వెన్నూ అంచూ రాయికి ఆనించి, అంచు ముందుండేలా, మడమ నుంచి ముక్కు వైపు ఏటవాలుగా తొయ్యండి. తిరిగి రావడానికి వెన్ను మీద తిప్పాలి, అంచు మీద కాదు. బరువు కత్తిదే, మీది కాదు.

అంతా 1000 రాయి మీదే తేలిపోతుంది. అంచుకు రెండు వైపులా ఉండే సన్నటి వాలు తలాలు ఒకదాన్నొకటి కలవాలి. కలవకపోతే 12000 మీద వెయ్యిసార్లు రుద్దినా అద్దంలా మెరుస్తుందే గానీ తెగదు. చాలా మంది ఓడిపోయేది ఇక్కడే, పై రాళ్లను తిట్టుకుంటూ. మార్కరు పెన్నుతో అంచు పొడవునా రంగు పూసి, రెండు తోపులు తోయండి. రంగు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తాకడం లేదు. ముంజేతి వెంట్రుకలను చర్మానికి ఆనించి గీస్తే, మడమ దగ్గర, మధ్యలో, ముక్కు దగ్గర, మూడు చోట్లా తెగితేనే పైకి వెళ్లండి. తర్వాత 4000 మీద 30, 8000 మీద 40, చివరి రాయి మీద 50 సార్లు రానూ పోనూ. ఒక్కో రాయి చివరి పది మరీ తేలికగా. రాళ్ల మధ్య కత్తిని కడగండి, 1000 రాయి పొడి ఒక్క రేణువు 8000 మీదికి వస్తే అంచు గీసుకుపోతుంది.

తోలు పట్టా మీద వెన్ను ముందుండాలి, రాయి మీద చేసినదానికి సరిగ్గా వ్యతిరేకం. మొదట గుడ్డ పట్టా మీద 20, తర్వాత తోలు మీద 50. పట్టా బిగువుగా లాగి ఉంచండి. వదులుగా ఉంటే తోలు అంచు చుట్టూ వంగి, పదును గుండ్రమవుతుంది.

(ఒకరు: నవంబరు వానల్లో ఎలా దాచాలి?)

అదే ఇక్కడ పెద్ద శత్రువు. గీసుకున్నాక నీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు తుడిచి, ఒక గంట తెరిచే ఉంచండి. కుట్టుమిషను నూనె పలచగా రాయండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె వద్దు, నెలలో జిగురు కడతాయి. తోలు సంచిలో పెట్టకండి, తోలు తేమ పీలుస్తుంది, దాన్ని పదును చేసిన మందుల ఉప్పు కూడా అందులోనే ఉంటుంది. మూతున్న డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి. స్నానాల గదిలో మాత్రం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పదిహేను రోజులకోసారి తీసి చూడండి, ముఖ్యంగా అంచు పక్కన.